ఆరు సిలిండర్ల 1965–66 ఫోర్డు మస్టాంగ్‌ని ఐదు బోల్టుల చక్రాలకు మార్చడం ఎలా?

"నా మస్టాంగ్ ఆరు సిలిండర్లది, చక్రానికి నాలుగే బోల్టులు. వీ8 (ఎనిమిది సిలిండర్ల) కారు బ్రేకు డ్రమ్ములు తెచ్చి తగిలిస్తే ఐదు బోల్టుల చక్రాలు ఎక్కుతాయా?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. ఎక్కవు. ఆరు సిలిండర్ల కారు స్పిండిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు ముక్క) చిన్నది, బేరింగులు వేరు, టై రాడ్లు (స్టీరింగ్ కదలికని చక్రాలకి అందించే కడ్డీలు) సన్నవి. వెనక ఇరుసయితే పూర్తిగా మరో జాతిది. డ్రమ్ము ఒక్కటీ మార్చి పని ముగించే దారి ఇందులో లేదు.

చేయాల్సింది ఒక్కటే: సెట్టుకు సెట్టు మార్చడం. ముందు భాగంలో డ్రమ్ము దగ్గర్నుంచి పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు షాఫ్టుకి బిగించిన చేయి) దాకా, వెనక ఈ డ్రమ్ము నుంచి ఆ డ్రమ్ము దాకా, వీ8 కారు మీద ఎలా ఉన్నవి అలాగే తెచ్చి వేయాలి. మధ్యలో ఒక్క పాత భాగాన్ని ఉంచేసినా తర్వాత వచ్చే తిప్పలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

నాలుగు బోల్టుల హబ్బు మీద ఐదు బోల్టుల అడాప్టర్ బిళ్ల వేసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. బిళ్ల ఎంత మందమో చక్రం అంత బయటికి జరుగుతుంది, అసలే చిన్నవైన బేరింగుల మీద భారం పెరుగుతుంది, బ్రేకులు మాత్రం పాతవే ఉంటాయి. ఆ దారి వద్దు.

మీ కారు మీద ఏముందో ముందు తేల్చుకోండి

ఛాసిస్ నంబరులో ఐదో అక్షరం ఇంజను కోడు. టీ అంటే 200 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను. 1964 ఏప్రిల్‌లో కారు విడుదలైనప్పటి తొలి బండ్లలో 170 ఇంజనుకు యూ అని ఉంటుంది. సీ, ఏ, కే అయితే 289 వీ8. కోడు చూసి వదిలేయకండి, ఎందుకంటే అరవై ఏళ్ల కారులో ఎవరు ఏం మార్చారో చెప్పలేం. చక్రం విప్పి బోల్టులు లెక్కపెట్టండి, కారు కిందకి దూరి వెనక ఇరుసు చూడండి.

ఆరు సిలిండర్ల కారుకి 7.25 అంగుళాల ఇరుసు ఉంటుంది. దాని హౌసింగ్ వెనక వైపు విప్పడానికి వీలైన మూత కనిపిస్తుంది. వీ8 కారుకి ఉండేది 8 అంగుళాల ఇరుసు. దాని వెనక భాగం మూసి ఉంటుంది, క్రౌన్-పినియన్ (ఇరుసుని తిప్పే పళ్ల చక్రాల జత) ఉన్న ముద్ద మొత్తం ముందు నుంచి నట్లు విప్పితే బయటికి వస్తుంది. 289 హై పెర్ఫార్మెన్స్ కార్లకు మాత్రం 9 అంగుళాలది వేశారు. అమ్మేవారు 8 అంగుళాలదాన్ని 9 అంగుళాలదని చెప్పడం మామూలే. తేడా పట్టడం తేలిక. ఆ ముద్ద చుట్టూ ఉన్న నట్లన్నిటికీ సాకెట్ నేరుగా ఎక్కితే అది 8 అంగుళాలది. అడుగున ఉన్న నట్లకి సాకెట్ ఎక్కక పానాతోనే విప్పాల్సి వస్తే 9 అంగుళాలది.

బోల్టుల వలయం వ్యాసం రెండింటికీ 4.5 అంగుళాలే, అంటే 114.3 మిల్లీమీటర్లు. నాలుగు, ఐదు అన్నదే తేడా.

ఏమేం కావాలి

ముందు భాగానికి:

- ఎడమ, కుడి వీ8 స్పిండిళ్లు, వాటి బ్యాకింగ్ ప్లేట్లు, 10 అంగుళాల డ్రమ్ములు, హబ్బులు
- లోపలి, బయటి టై రాడ్ ఎండ్లు, వాటిని కలిపే స్లీవులు
- సెంటర్ లింకు (రెండు టై రాడ్లనీ కలిపే అడ్డ కడ్డీ), ఐడ్లర్ ఆర్మ్ (దాని అవతలి కొనని మోసే చేయి), పిట్‌మన్ ఆర్మ్
- కొత్త చక్రాల బేరింగులు, గ్రీజు సీళ్లు, కాటర్ పిన్నులు (నట్టు వదులవకుండా దూర్చే పిన్నులు), బ్రేకు గొట్టాలు

సెంటర్ లింకు కొనేటప్పుడు మీది పవర్ స్టీరింగా, మామూలుదా అన్నది చెప్పాలి. పవర్ స్టీరింగ్ కారులో కంట్రోల్ వాల్వు ఆ లింకుకే తగులుతుంది కాబట్టి రెండూ ఒకటి కావు. ఎగువ, దిగువ కంట్రోల్ ఆర్ములు (చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చేతులు) ఆరు సిలిండర్ల కారుకీ వీ8కీ ఒకటే. బాల్ జాయింట్లు (ఆర్ములని స్పిండిల్‌కి కలిపే కీళ్లు) బాగుంటే వాటిని కదపక్కర్లేదు.

వెనక భాగానికి:

- 1965–66 వీ8 కారు 8 అంగుళాల ఇరుసు, డ్రమ్ము నుంచి డ్రమ్ము దాకా
- దానికి సరిపడే కొత్త యూ బోల్టులు, స్ప్రింగు కింది ప్లేట్లు
- ఇరుసు బేరింగులు, సీళ్లు
- ఆ బ్యాకింగ్ ప్లేట్లకి సరిపోయే హ్యాండ్ బ్రేకు కేబుళ్లు
- ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి ఇరుసుకి బలం అందించే గొట్టం), లేదా ఉన్నదాన్ని మార్పించుకునే ఏర్పాటు
- జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేరు ఆయిల్

చక్రాలు ఐదు కావాలి, నాలుగు కాదు. స్టెప్నీ సంగతి మరిచిపోయి, దారిలో పంక్చరయ్యాక డిక్కీలో నాలుగు బోల్టుల చక్రం చూసి తల పట్టుకునేవాళ్లు చాలామంది.

పనిముట్లలో కాయిల్ స్ప్రింగును లోపల నుంచి నొక్కి పట్టే కంప్రెసరు, బాల్ జాయింట్ విడదీసే పరికరం, పిట్‌మన్ ఆర్మ్ పుల్లరు, టార్క్ రెంచి, గట్టి స్టాండ్లు నాలుగు తప్పనిసరి. జాకీ ఎత్తడానికే. కారు కింద మనిషి ఉన్నంతసేపూ బరువు స్టాండ్ల మీదే ఉండాలి.

ఇరుసు కొనే ముందు టేపు పట్టండి

8 అంగుళాల ఇరుసు చాలా ఫోర్డు కార్లకి వేశారు. అవన్నీ ఒకే వెడల్పువి కావు. డ్రమ్ము కూర్చునే ముఖం నుంచి అవతలి ముఖం దాకా కొలిస్తే 1965–66 మస్టాంగ్‌ది 57.25 అంగుళాలు, 1967–70ది 59.25, 1971–73ది 61.25. స్ప్రింగు పీటల (ఇరుసు మీద స్ప్రింగు కూర్చునే గద్దెల) మధ్య దూరం 1965–66కీ 1967–70కీ ఒకటే, 43 అంగుళాలు. కాబట్టి 1967 ఇరుసు మీ కారు మీద చక్కగా కూర్చుంటుంది, బోల్టులన్నీ పడతాయి, కానీ చక్రం ఒక్కో వైపు అంగుళం బయటికి వస్తుంది. గుంతలో పడ్డప్పుడు టైరు ఫెండరు అంచుకి కోసుకుంటుంది. అదే ఇరుసు చవకగా దొరికితే, అంగుళం ఎక్కువ లోపలికి కూర్చునే చక్రాలు వెతుక్కోవాలి.

ఇరుసు గేరు నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో) కూడా చూడండి. క్రౌన్-పినియన్ ముద్ద నట్లలో ఒకదాని కింద చిన్న రేకు బిళ్ల ఉంటుంది. 2 80 అని ఉంటే 2.80, 3 00 అంటే 3.00. రెండు అంకెల మధ్య ఎల్ అక్షరం ఉంటే అది లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికీ బలం అందించే రకం). బిళ్ల లేకపోతే రెండు చక్రాలనీ ఒకే దిశలో సరిగ్గా ఒక చుట్టు తిప్పి, పినియన్ ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి.

నిష్పత్తి మారితే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, ఎందుకంటే దాని కేబులు గేరుబాక్సు నుంచి నడుస్తుంది. ఉదాహరణకు పాతది 3.20, కొత్తది 2.80 అనుకోండి. మీటరు 70 చూపిస్తున్నప్పుడు కారు నిజంగా 80లో ఉంటుంది. గేరుబాక్సులో స్పీడోమీటరు కేబులు చివర ఉండే చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రాన్ని తగిన పళ్ల సంఖ్యదానితో మార్చాలి. ఇంకో మాట. ఆరు సిలిండర్ల ఇంజనునే ఉంచుకుంటే 2.80 వల్ల ఎక్కుడు దారుల్లో బండి బరువుగా లాగుతుంది. ఇంజను మార్చే ఆలోచన లేనివారు 3.00, లేదా అంతకంటే ఎక్కువ నిష్పత్తి వెతుక్కోవడం మేలు.

ముందు భాగం

ఈ కారులో కాయిల్ స్ప్రింగు ఎగువ ఆర్ము మీద, షాక్ టవరు లోపల ఉంటుంది. స్పిండిల్ విప్పడమంటే ఆ స్ప్రింగుని పట్టి ఉంచిన లంకెను తెంచడమే. స్ప్రింగు అదుపులో లేకుండా ఎగువ బాల్ జాయింట్ విడదీస్తే ఆర్ము ఒక్కసారిగా కిందికి కొడుతుంది. ఆ దెబ్బకి చేతి ఎముక నిలవదు. అందుకే 1, 2 దశల్లో తొందర వద్దు.

1. కారు ఇంకా చక్రాల మీద ఉండగానే ఎగువ ఆర్ముకీ దాని కింద ఉన్న ఫ్రేముకీ మధ్య గట్టి చెక్క దిమ్మె బిగుతుగా దూర్చండి. కారు ఎత్తినప్పుడు ఆర్ము కిందికి దిగకుండా అది ఆపుతుంది. తర్వాత వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ముందు భాగం ఎత్తి, ఫ్రేము రైళ్ల కింద స్టాండ్లు పెట్టండి.

2. షాక్ అబ్జార్బరునీ దాని పై బ్రాకెట్టునీ తీసేసి, టవరు పైనుంచి కంప్రెసరు దించి స్ప్రింగుని నొక్కిపెట్టండి. చెక్క దిమ్మె ఉందని కంప్రెసరు మానేయకండి. కంప్రెసరు ఉందని దిమ్మె తీసేయకండి. నొక్కిన స్ప్రింగుకి ఎదురుగా ముఖం పెట్టి పనిచేయకండి.

3. డ్రమ్ము ఊడదీసి, బ్రేకు గొట్టం విప్పి, పైపు చివర మూత పెట్టండి. టై రాడ్ ఎండ్ల కాటర్ పిన్నులు తీసి, నట్లు కొన్ని మరలు వదులు చేసి, పూర్తిగా తీయకుండా ఉంచి, పరికరంతో విడదీయండి. ఫోర్కు లాంటి పరికరం వాడితే రబ్బరు తొడుగు చిరిగిపోతుంది. మళ్లీ వాడని భాగాలకే దాన్ని వాడండి.

4. బాల్ జాయింట్ల విషయంలోనూ అదే పద్ధతి. నట్టు మరల మీద ఉండగానే టేపరు వదులవ్వాలి. వదలకపోతే స్పిండిల్‌లో టేపరు కూర్చున్న చోట పక్క నుంచి బరువైన సుత్తితో కొట్టండి. మరల చివర మీద కొట్టకండి. టేపరు వదిలిందని రూఢి అయ్యాకే నట్టు తీసి, స్పిండిల్ బయటికి తీయండి.

5. సెంటర్ లింకు, ఐడ్లర్ ఆర్మ్ విప్పండి. పిట్‌మన్ ఆర్మ్ తీసే ముందు చక్రాలు నేరుగా ఉన్న స్థితిలో స్టీరింగ్ బాక్సు షాఫ్టు మీద, ఆర్ము మీద గుర్తు పెట్టండి. పుల్లరుతోనే లాగండి. సుత్తి దెబ్బ స్టీరింగ్ బాక్సు లోపలి బేరింగులకి తగులుతుంది. 1965–66 బాక్సు షాఫ్టు అంగుళం లావు, 1967 నుంచి 1⅛ అంగుళం. తర్వాతి ఏళ్ల పిట్‌మన్ ఆర్మ్ మీ బాక్సుకి వదులుగా ఉంటుంది. అది ఎంత బిగించినా నిలవదు.

6. కొత్త స్పిండిళ్లు పెట్టే ముందు ఎడమా కుడా అని సరిచూసుకోండి. స్టీరింగ్ ఆర్ము స్పిండిల్‌తో ఒకే పోతగా ఉంటుంది, అది వెనక్కి చూడాలి. టేపరు రంధ్రాలు పొడిగా, శుభ్రంగా ఉండాలి. అక్కడ గ్రీజు పూయకండి. మీ బాల్ జాయింట్ పిన్నుని చేత్తో దూర్చి చూడండి. టేపరు పూర్తిగా కూర్చుని, నట్టు పట్టేంత మర పైకి రావాలి, పక్కలకి ఊగకూడదు. టై రాడ్ ఎండ్లనీ ఇలాగే పరీక్షించండి. పాత సన్న టై రాడ్ ఎండు వీ8 స్పిండిల్ రంధ్రంలో దూరుతుంది, బిగుస్తున్నట్టూ అనిపిస్తుంది. కానీ టేపరు పట్టదు, కొన్ని రోజులకి నట్టు వదులై స్టీరింగ్ చేయి దాటిపోతుంది. ఈ పని మొత్తంలో ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఇదే.

7. నట్లు షాప్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించి కాటర్ పిన్ను పెట్టండి. రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపండి, వెనక్కి వదలకండి.

8. హబ్బులో కొత్త బేరింగు రేసులు అడుగు దాకా దిగేలా కొట్టి, బేరింగుల రోలర్ల మధ్యకి గ్రీజు పూర్తిగా ఎక్కించండి. డ్రమ్ము ఎక్కించి, డ్రమ్ము తిప్పుతూ నట్టుని 17–25 పౌండ్-ఫుట్‌కి బిగించండి. తర్వాత అర చుట్టు వదలండి. మళ్లీ 10–15 పౌండ్-అంగుళాలకి, అంటే దాదాపు వేళ్లతో బిగించినంత, బిగించి కాటర్ పిన్ను పెట్టండి. ఇక్కడ పౌండ్-అంగుళం అని ఉన్నచోట పౌండ్-ఫుట్ అనుకుని బిగిస్తే బేరింగు కాలిపోతుంది.

9. కంప్రెసరు మెల్లగా వదిలి బయటికి తీసి, స్ప్రింగు చివర దాని గూట్లో సరిగ్గా కూర్చుందని చూసుకుని, షాక్ అబ్జార్బరు బిగించాకే చెక్క దిమ్మె తీయండి.

కాయిల్ స్ప్రింగుల గురించి: వీ8 ఇంజను బరువెక్కువ కాబట్టి దాని ముందు స్ప్రింగులు గట్టివి. ఆరు సిలిండర్ల ఇంజనుతోనే నడుపుతూ వీ8 స్ప్రింగులు వేస్తే కారు ముక్కు పైకి లేస్తుంది, కుదుపు పెరుగుతుంది. స్ప్రింగులు ఇంజనుని బట్టి, మిగతావి చక్రాన్ని బట్టి.

డ్రమ్ములు కాక డిస్కులే కావాలనుకుంటే ఫోర్డు గ్రనాడా, మెర్క్యురీ మోనార్క్ (1975–80) కార్ల స్పిండిళ్లు చాలాకాలంగా వాడుతున్నారు. అవి దొరకడం తేలిక, బ్రేకు బలంగా పడుతుంది. కానీ టై రాడ్ రంధ్రం పెద్దది, దానికి తగిన టై రాడ్ ఎండ్లు వెతకాలి. స్టీరింగ్ ఆర్ము స్థానంలో తేడా ఉండడంతో గుంతల్లో స్టీరింగ్ తనంత తాను పక్కకి లాగే గుణం ఎక్కువవుతుంది. పైగా 14 అంగుళాల చక్రాల్లో చాలావాటికి క్యాలిపరు తగులుతుంది. 1965–66 వీ8 డ్రమ్ము స్పిండిళ్లతో ఈ బాధలేవీ ఉండవు. అసలు అమరికే కావాలనుకునేవారికి డ్రమ్ములే మేలు.

వెనక భాగం

ఇక్కడ శ్రమ ఎక్కువ, చిక్కు తక్కువ. ఇద్దరు మనుషులు కావాలి.

1. ఇరుసు కారు కింద పెట్టకముందే నేల మీద తేల్చుకోవాల్సింది చాలా ఉంది. రెండు వైపులా బ్యాకింగ్ ప్లేటు దగ్గర నాలుగు నట్లు విప్పి ఇరుసు షాఫ్టులు లాగండి. స్లయిడ్ హామరు ఉంటే సులువు. షాఫ్టు మీద స్ప్లైన్లు (పొడవాటి పళ్లు) మెలి తిరిగి ఉన్నాయా, సీలు రుద్దుకునే చోట గాడి పడిందా చూడండి. బేరింగు, దాని వెనక రింగు ప్రెస్ చేసి ఎక్కించినవి. కొత్తవి వేసేటప్పుడు ప్రెస్సుతోనే ఎక్కించండి. సుత్తితో దించిన రింగు నమ్మదగింది కాదు, చక్రాన్ని లోపల పట్టి ఉంచేది అదే.

2. పినియన్ ఫ్లాంజిని చేత్తో ముందుకూ వెనక్కీ, పైకీ కిందికీ ఆడించి చూడండి. తిప్పినప్పుడు కొద్దిగా ఖాళీ ఉండాలి, కానీ పైకీ కిందికీ అసలు కదలకూడదు. కదిలితే పినియన్ బేరింగులు పోయాయి. పినియన్ సీలు ఒక్కటే మారుస్తున్నట్టయితే నట్టు విప్పే ముందు దాని స్థానం గుర్తు పెట్టి, మళ్లీ అక్కడికే తెచ్చి ఆపండి. ఆ నట్టు వెనక నలిగే స్లీవు ఉంటుంది, బేరింగుల బిగువు దానివల్లే వస్తుంది. గాలి గన్నుతో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే కొన్ని రోజుల్లో ఇరుసు కూస్తుంది.

3. ఇరుసు గొట్టం మీద బ్రేకు పైపు జంక్షన్‌ని పట్టి ఉంచే బోల్టే గాలి రంధ్రం కూడా. దాంట్లో సన్న తీగ దూర్చి శుభ్రం చేయండి. అది మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్ సీళ్ల గుండా బ్రేకుల్లోకి వస్తుంది. కొత్త సీళ్లు వేశాక కూడా కారుతోందంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

4. క్రౌన్-పినియన్ ముద్ద తీసి ఉంటే కొత్త గాస్కెట్ వేసి, నట్ల కింద రాగి వాషర్లు పెట్టండి. ఇనుప వాషర్లు పెడితే మరల వెంట ఆయిల్ చెమర్చుతుంది.

5. ఇప్పుడు కారు సంగతి. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక భాగం ఎత్తి, లీఫ్ స్ప్రింగు ముందు కొన దగ్గర ఫ్రేము రైలు కింద స్టాండ్లు పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్టు తీసి గేరుబాక్సు వెనక రంధ్రానికి మూత పెట్టండి, లేకపోతే ఆయిల్ కారుతుంది. హ్యాండ్ బ్రేకు కేబుళ్లు, బ్రేకు గొట్టం, షాకుల కింది నట్లు విప్పండి.

6. జాకీతో ఇరుసుకి ఆనిక ఇచ్చి యూ బోల్టులు విప్పండి. ఇరుసు లీఫ్ స్ప్రింగు మీద కూర్చుని ఉంటుంది కాబట్టి నేరుగా కిందికి రాదు. వెనక షాకిళ్లు (స్ప్రింగు వెనక కొనని ఫ్రేముకి కలిపే లంకెలు) విప్పి స్ప్రింగుల చివరలు నేలకి దించితే ఇరుసుని వెనక్కి దొర్లించవచ్చు. స్ప్రింగు ముందు కన్ను బోల్టు తుప్పుతో బుష్షు గొట్టానికి అంటుకుపోయి ఉంటుంది. తుప్పు వదిలే నూనె ముందు రోజే పోసి ఉంచండి.

7. కొత్త ఇరుసుని అదే దారిలో ఎక్కించండి. స్ప్రింగు మధ్య బోల్టు తల ఇరుసు పీట రంధ్రంలో పూర్తిగా దిగాలి. ఒక వైపు దిగి, ఇంకో వైపు అంచు మీద నిలబడిపోతే ఇరుసు వంకరగా బిగుస్తుంది, కారు పక్కకి నడుస్తుంది.

8. యూ బోల్టులు కొత్తవే వాడండి. 7.25 ఇరుసువి 8 అంగుళాల ఇరుసు గొట్టానికి సరిపోవు, కొట్టి వంచి ఎక్కించకండి. నాలుగు నట్లనీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా 30–45 పౌండ్-ఫుట్‌కి బిగించండి. నట్ల బయట మిగిలిన మర అన్నిటికీ సమానంగా ఉందా చూడండి.

9. షాకిళ్ల నట్లు, స్ప్రింగు ముందు కన్ను బోల్టు ఇప్పుడు చేత్తో మాత్రమే బిగించి వదిలేయండి. కారు నేల మీదికి దిగి, దాని బరువు దాని చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్షులు మెలితిరిగిన స్థితిలో పట్టేస్తాయి. వెనక భాగం ఎత్తుగా నిలబడుతుంది, బుష్షులు త్వరగా చిరుగుతాయి.

10. ఆయిల్ పోయండి. నింపే రంధ్రం కింది అంచు దాకా, కారు మట్టంగా ఉన్నప్పుడు.

ప్రొపెల్లర్ షాఫ్ట్

7.25 ఇరుసు దగ్గర ఉండే యూనివర్సల్ జాయింట్ క్రాసు చిన్నది, 8 అంగుళాల ఇరుసుది పెద్దది. రెండు వైపులా వేర్వేరు కొలతల కప్పులున్న మార్పిడి క్రాసు దొరుకుతుంది. ఆరు సిలిండర్ల ఇంజనునే ఉంచుకునేవారికి అది చాలు. వీ8 ఇంజను కూడా వేసేవారు షాఫ్టు మొత్తం మార్చడమే మంచిది.

పొడవు మాత్రం ఊహించకండి. కారు బరువు చక్రాల మీద ఉండగా స్లిప్ యోకుని (షాఫ్టు ముందు కొనలో జారే భాగాన్ని) గేరుబాక్సులోకి పూర్తిగా నెట్టి, అక్కడి నుంచి 20–25 మిల్లీమీటర్లు వెనక్కి లాగిన స్థితిలో షాఫ్టు ఇరుసుకి తగలాలి. అంతకంటే తక్కువుంటే గుంతలో యోకు గేరుబాక్సుని లోపలికి గుద్దుతుంది. మరీ ఎక్కువుంటే స్ప్లైన్ల పట్టు తగ్గి వణుకు వస్తుంది.

1965–66 మస్టాంగ్ ఇరుసే అయితే పీటలు సరైన కోణంలోనే ఉంటాయి. వేరే కారు నుంచి తెచ్చి, పీటలు కొత్తగా వెల్డింగ్ చేయించాల్సి వస్తే ముందు చుక్కల వెల్డింగుతో ఆపండి. కారు బరువు మీద గేరుబాక్సు వెనక ముఖం కోణం, పినియన్ కోణం కొలిచి, రెండూ ఒక డిగ్రీ తేడాలో సమాంతరంగా ఉన్నాయని తేలాకే పూర్తి వెల్డింగు. ఇరుసు గొట్టం మీద ఒకేచోట పొడవుగా వెల్డింగు పట్టిస్తే గొట్టం వంగుతుంది. కొంచెం ఇటు, కొంచెం అటు, చల్లారనిస్తూ చేయించండి.

బ్రేకులు

ముందూ వెనకా వీ8 వీల్ సిలిండర్లే ఉండాలి. ముందు కొత్తవి, వెనక పాతవి అయితే ముందు వెనకల బ్రేకు పంపకం చెడి, తడి రోడ్డు మీద కారు తిరిగిపోయే ప్రమాదం ఉంది. షూల్లో లైనింగు పొట్టిగా ఉన్నది కారు ముందు వైపుకి, పొడవుగా ఉన్నది వెనక వైపుకి. దానంతటదే సర్దుకునే స్క్రూలు ఎడమకీ కుడికీ వేరు. తారుమారైతే బ్రేకు వేసినకొద్దీ బిగుసుకోవడానికి బదులు వదులవుతుంది. ఆ సర్దుబాటు కారు వెనక్కి నడిపి బ్రేకు వేసినప్పుడే పనిచేస్తుంది కాబట్టి, అంతా బిగించాక వెనక్కి పోనిస్తూ పలుమార్లు బ్రేకు నొక్కండి.

1966 దాకా మస్టాంగ్‌కి మాస్టర్ సిలిండరు ఒకే గదిది. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. పైపులు ఎలాగూ విప్పారు కాబట్టి 1967 రకం రెండు గదుల సిలిండరు ఇప్పుడే వేసుకోండి. ముందు, వెనక పైపులు విడదీయాలి, పెడలు పుష్‌రాడ్‌కి కొద్దిపాటి ఖాళీ ఉంచాలి. ఈ ఒక్క సలహానైనా పక్కన పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాం.

గాలి తీసేటప్పుడు సిలిండరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి.

రోడ్డెక్కే ముందు, ఎక్కిన తర్వాత

టై రాడ్లు మారాయి కాబట్టి అలైన్‌మెంటు పూర్తిగా తప్పి ఉంటుంది. దుకాణం దాకా నడపడానికి దారం కట్టి ముందు చక్రాలు ముందు వైపు ⅛ అంగుళం లోపలికి చూసేలా సర్దండి. స్లీవుల్లో రెండు వైపులా మర సమానంగా దిగి ఉండాలి. 1965–66 కార్లలో క్యాంబరు, క్యాస్టరు (ముందు చక్రం, దాని స్టీరింగ్ అక్షం వాలు కోణాలు) ఎగువ ఆర్ము షాఫ్టు వెనక పెట్టే షిమ్ములతో (పల్చని రేకు బిళ్లలతో) సర్దుతారు. 1967 నుంచి పద్ధతి వేరు. అలైన్‌మెంటు చేసేవారికి ఇది ముందే చెప్పండి, లేకపోతే లేని క్యామ్ బోల్టుల కోసం వెతుకుతారు.

స్టీరింగ్‌ని ఒక చివర నుంచి మరో చివర దాకా తిప్పి గొట్టాలు దేనికైనా రాసుకుంటున్నాయా, మెలి పడుతున్నాయా చూడండి. ఇంజను ఆపి, బ్రేకు పెడలు గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. పెడలు మెల్లగా దిగితే ఎక్కడో కారుతోంది, కారు కదపకండి.

మొదటి ప్రయాణం దగ్గరి దూరమే, నెమ్మదిగా. దిగాక ప్రతి హబ్బు మీద చేయి పెట్టి చూడండి. నాలుగింటిలో ఒక్కటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బేరింగు బిగువెక్కువైంది, లేదా షూ రాసుకుంటోంది. యాక్సిలరేటరు నొక్కినప్పుడే ఇరుసు కూస్తే క్రౌన్-పినియన్ పళ్ల అమరికని అనుమానించండి. వేగంతోపాటు వణుకు పెరిగితే అది షాఫ్టు బ్యాలెన్సో కోణమో. వంపు తిరిగినప్పుడే శబ్దం మారితే చక్రం బేరింగు.

వంద కిలోమీటర్లు నడిచాక యూ బోల్టులు, చక్రాల నట్లు, టై రాడ్ నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూడండి. యూ బోల్టులు మొదటిసారి కొద్దిగా వదులవడం మామూలే. 500 కిలోమీటర్ల తర్వాత మరోసారి చూసినప్పుడు కూడా వదులైతే మాత్రం బిగించి ఊరుకోకండి. స్ప్రింగు మధ్య బోల్టు తల పీటలో కూర్చోలేదనే అర్థం, విప్పి చూడాలి.